ఏ ఊరొచ్చింది బిడ్డా?

తెల్లవారుజామున బస్సు ఎక్కడో ఆగింది. ఇంజన్ మాత్రం ఆగలేదు. మూడో వరుసలో చెద్దరు నిండా కప్పుకొని ఒరిగిన అవ్వ కళ్ళు తెరిచి, కిటికీ అద్దాన్ని కొంగుతో తుడిచి బయటికి చూసింది. చీకటి, ఒక దాబా దీపం, వరుసగా ఆగిన లారీలు. పక్క సీట్లో ఉన్న నన్ను అడిగింది.

"ఏ ఊరొచ్చింది బిడ్డా?"

నేను నోరు తెరిచేలోపే ముందు సీటు నుంచి జవాబు వచ్చింది. "కాశి ఇంకా దూరమున్నదే అవ్వా. పండుకో."

ఆమె అడిగింది కాశి సంగతి కాదు. బస్సు ఆగిన ఊరి సంగతి. ఆ ఊరు హింగన్‌ఘాట్. దానికి చెప్పుకోదగ్గ కథ ఉంది. ఆ బస్సులో ఆ కథ చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. అవ్వ మళ్ళీ చెద్దరు ముసుగేసుకుంది.

ముస్తాబాద్, సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల వైపు నుంచి కోతలు అయిపోయాక కాశి బస్సులు బయలుదేరుతాయి. పోస్టర్ల మీదికి 'టూర్ ప్యాకేజీ' అనే మాట వచ్చింది గానీ ఊళ్ళో ఇప్పటికీ కాశి బస్సు అనే అంటారు. పది పన్నెండు రోజుల యాత్ర. కాశి, ప్రయాగ, గయ, వీలైతే అయోధ్య. బస్సు తీసేటాయన అంతకుముందు నాలుగైదుసార్లు పోయొచ్చినవాడై ఉంటాడు. ఏ సత్రంలో వేడినీళ్ళు దొరుకుతాయో, ఏ ఘాట్‌లో మెట్లు తక్కువో, ఎక్కడ పిండప్రదానానికి ఎంత అడుగుతారో ఆయనకు తెలుసు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు ముందు సీట్లు, పడుచువాళ్ళకు వెనక సీట్లు. డ్రైవర్లు ఇద్దరు. వంట మనిషి తప్పనిసరి. మూడు పూటలు వరసగా రొట్టె పెడితే మన దిక్కు పెద్దమనుషులకు యాత్ర మీదే మనసు విరిగిపోతుంది. అందుకే బియ్యం, పప్పు, చింతపండు, మామిడికాయ తొక్కు అన్నీ బస్సుతోనే వస్తాయి. రోడ్డు పక్కన నీళ్ళున్న చోటు చూసి ఆపుతారు. పొయ్యి వెలుగుతుంది. అన్నం గంజి వార్చే వాసన విదర్భ పత్తి చేల మీదికి పోతుంది. ఆడవాళ్ళు రెండు చీరలు అడ్డం కట్టుకొని స్నానాలు కానిస్తారు. పచ్చిపులుసు అన్నం తిని, ఎంగిలి ఆకులు ఒక చోట పోగుచేసి, మళ్ళీ ఎక్కుతారు.

ఆ ఏర్పాటు మీద నాకు ఎంతో గౌరవం ఉంది. నలభై యాభై మంది ముసలివాళ్ళను పదకొండు వందల కిలోమీటర్లు దాటించి, గంగలో ముంచి, మళ్ళీ ఇంటి ముందర దింపడం చిన్న పని కాదు. నా బాధ ఒక్కటే. ఈ బస్సు నడిచే రోడ్డు మన దేశపు పాత రోడ్లలో ఒకటి. బస్సులో పూజ చేయించే మనిషి ఉన్నాడు, వంట చేసే మనిషి ఉన్నాడు. దారి చెప్పే మనిషి లేడు.

ఆ అవ్వకు దారి ఎందుకంటే, ఆమె జీవితంలో ఇంత దూరం మొదటిసారి వెళుతోంది. ఈ ప్రాంతపు మగవాళ్ళకు దూరం కొత్త కాదు. భివండి పోయారు, సూరత్ పోయారు, సోలాపూర్ సాంచాల మీద పనిచేశారు, దుబాయ్, మస్కట్ పోయి పదేళ్ళకు పదేళ్ళు ఉన్నారు. ఆడవాళ్ళ దూరాలు వేరు. తల్లిగారిల్లు, అత్తగారిల్లు, వేములవాడ రాజన్న, కొండగట్టు, ధర్మపురి. అందులో రెండు మూడు కోడెమొక్కులు, ఒక గోదావరి స్నానం. 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకు ఛార్జీ లేదు కాబట్టి ఆధార్ కార్డు కొంగున కట్టుకొని కాస్త ఎక్కువ తిరుగుతున్నారు. అయినా రాష్ట్రం పొలిమేర దాటడం వేరు. కాశి బస్సు పైసలు కూడా అలా వచ్చినవే. బీడీలు చుట్టి దాచినవి, పింఛన్‌లో మిగిల్చినవి, కొడుకు గల్ఫ్ నుంచి పంపినవి. అంత పెట్టి కొనుక్కున్న దారిని నిద్రలో దాటించడం అన్యాయం అనిపిస్తుంది.

కాశికి పోయినోడు, కాటికి పోయినోడు ఒక్కటేనని మన పెద్దలు అనేవారు. భక్తి లేక అన్న మాట కాదది, రోడ్డు లేక అన్న మాట. పోతే తిరిగి వస్తారన్న నమ్మకం లేదు. ఆస్తి పంపకాలు చేసి, అందరి దగ్గరా సెలవు తీసుకొని బయలుదేరేవారు. తిరిగొస్తే ఊరంతా ఎదురెళ్ళి, గంగ చెంబుకు పూజ చేసి, సమారాధన పెట్టేవారు. ఆ సమారాధన ఇప్పటికీ పెడుతున్నాం. అసలు కారణం మరిచిపోయాం.

మద్రాసు సుప్రీం కోర్టులో హెడ్ ఇంటర్‌ప్రిటర్‌గా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశికి బయలుదేరారు. పల్లకీ, బోయీలు, పరివారం కలిపి దాదాపు వంద మంది. హైదరాబాద్ దాటి, నిర్మల్ మీదుగా నాగ్‌పూర్, జబల్‌పూర్, రీవా, మీర్జాపూర్. మళ్ళీ మద్రాసు చేరింది 1831 సెప్టెంబర్ 3న. పదిహేను నెలల పైచిలుకు. దారిలో ఆయన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళకు రాసిన ఉత్తరాలే 'కాశీయాత్ర చరిత్ర' అయ్యాయి. 1838లో అచ్చయింది. మన భాషలో తొలి యాత్రాచరిత్ర అది. అందులో నాకు బాగా నచ్చేది ఆయన దృష్టి. ఏ ఊళ్ళో నీళ్ళెలా ఉన్నాయి, అంగట్లో ఏ సరుకు దొరుకుతుంది, దిగడానికి చోటుందా, దారి రాళ్ళదా బురదదా అని మజిలీ మజిలీకీ రాసుకుంటూ పోయారు. వెనక వచ్చేవాళ్ళకు పనికి రావాలని. రెండు వందల ఏళ్ళ కింద తెలుగువాళ్ళ కాశి బస్సుకు గైడ్ ఉన్నాడన్నమాట. ఇప్పుడు లేడు.

ఆయన పోయిన దారే కొద్ది తేడాలతో తర్వాత ఏడో నంబర్ జాతీయ రహదారి అయింది. వారణాసి నుంచి కన్యాకుమారి దాకా 2,369 కిలోమీటర్లు. దేశంలో అన్నిటికన్నా పొడవైన రోడ్డు అని మేం బడిలో చదువుకున్నాం. 2010లో నంబర్లు మార్చారు. మన ముందరి ముక్క 44 అయింది, శ్రీనగర్ - కన్యాకుమారి రోడ్డులో కలిసిపోయింది. ఏడో నంబర్ పంజాబ్, ఉత్తరాఖండ్ వైపు ఇంకో రోడ్డుకు పోయింది. కాశిని, కన్యాకుమారిని ఒకే నంబర్‌తో కలిపిన రోడ్డు ఇప్పుడు కాగితం మీద లేదు. పాత డ్రైవర్ల నోట్లో మాత్రం అది ఇంకా ఏడో నంబరే.

ముస్తాబాద్ బస్సు గంభీరావుపేట మీదుగా కామారెడ్డి చేరి ఈ రోడ్డెక్కుతుంది. కోరుట్ల, జగిత్యాల వాళ్ళు మెట్‌పల్లి దాటి ఆర్మూర్ దగ్గర, పెర్కిట్ కూడలిలో కలుస్తారు. వానకాలం పోయాక పసుపు పంట భూమిలో ఉండే నేల ఇది. అక్కడి నుంచి గంట లోపే గోదావరి.

సోన్ వంతెన మీద మాత్రం ఎవరూ పండుకోరు. "గోదారమ్మా" అని ఎవరో ఒకరు అంటారు, బస్సంతా లేస్తుంది. కిటికీల్లోంచి రూపాయి బిళ్ళలు పడతాయి. పక్కనే నిజాం కాలపు పాత వంతెన కనిపిస్తుంది. కొంచెం ఎగువన శ్రీరామసాగర్. 1963 జులై 26న నెహ్రూ శంకుస్థాపన చేసిన పోచంపాడు. కోరుట్ల, జగిత్యాల పొలాలకు పోయే కాకతీయ కాలువ అక్కడే పుడుతుంది. ఈ మాట చెబితే చాలు, బస్సులో ఉన్న రైతు కాకలకు వేరే వివరం అక్కర్లేదు. మన పొలం నీళ్ళ తలాపు ఇదే అని చేతులు జోడిస్తారు. నదికి మొక్కడం వాళ్ళకు నేర్పనక్కర లేదు. ఆ నది తమ ఇంటికెలా వస్తుందో చూపిస్తే చాలు.

నిర్మల్ అంటే పొనికి కర్ర బొమ్మలు. అందరికీ తెలుసు. అందరికీ తెలియాల్సింది ఇంకొకటుంది. 1860లో తెల్లవాళ్ళ మీద తిరగబడ్డ రాంజీ గోండును, ఆయనతో పాటు వెయ్యి మందిని ఒకే మర్రిచెట్టుకు ఉరితీశారని ఇక్కడి జనం చెప్పుకుంటారు. వెయ్యి ఉరుల మర్రి. ఆ పేరు పలికితే చాలు, గుండె బరువెక్కుతుంది. పాత రోడ్డు అక్కడి నుంచి మహబూబ్ ఘాట్ మలుపులు ఎక్కేది. ఇచ్చోడ, గుడిహత్నూర్ దాటి ఆదిలాబాద్ పక్క నుంచి పోతే పెన్‌గంగ.

పెన్‌గంగ దాటగానే బోర్డుల మీద అక్షరాలు మారతాయి. చదువుకున్న మనకు అది చిన్న విషయం. మనుమరాలి పుస్తకాలు చూసి చూసి అక్షరాల రూపు గుర్తుపట్టే అవ్వకు అలా కాదు. "అక్షరాల మీద గీత గీసిండ్రు" అంది నా పక్కనున్న అవ్వ. నిజమే, నాగరి లిపికి తల మీద గీత. మన అక్షరాలకు తలకట్టు. బడి ముఖం చూడని మనిషి రెండు లిపుల తేడాను ఒక్క ముక్కలో చెప్పింది. ఈ రోడ్డు మీద నేను విన్న అన్నిటిలోకీ మంచి మాట అది.

ఇక హింగన్‌ఘాట్. వార్ధా జిల్లాలో పత్తి మార్కెట్‌కు పేరున్న పట్టణం. విలియం లాంబ్టన్ అనే ఇంగ్లిషు సైనికాధికారి ఇక్కడే మట్టిలో కలిశాడు. 1802లో మద్రాసు దగ్గర గొలుసులు పరిచి భూమిని కొలవడం మొదలుపెట్టాడు. కన్యాకుమారి నుంచి ఉత్తరానికి, 78వ రేఖాంశం వెంట, కొండ నుంచి కొండకు, గుడి గోపురం నుంచి గోపురానికి చూపు కలుపుతూ త్రిభుజాల మీద త్రిభుజాలు కట్టుకుంటూ వచ్చాడు. అర టన్ను బరువున్న థియోడలైట్‌ను మనుషులు మోసేవారు. కొన్నేళ్ళు హైదరాబాద్‌లో మకాం. ముసలితనంలో మకాం నాగ్‌పూర్‌కు మార్చుకుంటూ, ఇదే దారిలో పోతూ, 1823 జనవరిలో హింగన్‌ఘాట్‌లో చనిపోయాడు. ఆయన వదిలిన పనిని ఎవరెస్ట్ అందుకొని హిమాలయాల దాకా తీసుకెళ్ళాడు. ఆ ఎవరెస్ట్ పేరే శిఖరానికి పెట్టారు. లాంబ్టన్ సమాధి హింగన్‌ఘాట్‌లో ఉండిపోయింది.

పొలం సర్వే అంటే ఏమిటో మన అవ్వలకు బాగా తెలుసు. గొలుసుతో కొలవడం, హద్దురాళ్ళు పాతడం, గెట్టు పంచాయితీలు వాళ్ళ జీవితాల్లోవే. ఈ దేశం మొత్తాన్ని ఒక పొలంలాగా కొలుచుకుంటూ పోయినాయన మన లాగే ఉత్తరానికి పోతూ ఇక్కడ ఆగిపోయాడమ్మా అని చెబితే ఆమె పండుకుంటుందా? దిగి చూస్తానంటుంది. కాటికి పోయినట్టే అన్న సామెతకు ఆయన కూడా లెక్కలోకి వస్తాడని నాకు అనిపిస్తుంది.

ఆ కొలతకు గుర్తుగా నాగ్‌పూర్‌లో జీరో మైల్ స్తంభం ఉంది. నాలుగు గుర్రాల విగ్రహాలు, ఇసుకరాతి కంబం. పీఠం మీద ఊళ్ళ పేర్లు, దూరాలు. అందులో హైదరాబాద్ 318 మైళ్ళు. బస్సులు ఇప్పుడు ఊళ్ళోకి రాకుండా బయటి రింగు రోడ్డు మీద పోతాయి. ఒక గంట కలుపుకుంటే చూడొచ్చు.

నాగ్‌పూర్ దాటాక రామ్‌టెక్ గుట్ట కుడి పక్కన ఉంటుంది. మేఘదూతంలోని యక్షుడు ఉన్న రామగిరి ఇదేనంటారు. తర్వాత పెంచ్ అడవి. ఈ ఒక్క చోట కొత్త రోడ్డును మెచ్చుకోవాలి. నాలుగు వరుసల రహదారి పులుల అడవిని రెండు ముక్కలు చేయబోతుంటే పెద్ద కొట్లాట నడిచింది. చివరికి జంతువులు కింది నుంచి పోయేలా రోడ్డునే పైకెత్తారు. అలాంటివి తొమ్మిది కట్టారు. పెద్దది 750 మీటర్లు. కెమెరాలు పెట్టి చూస్తే పులులు, అడవి కుక్కలు, దుప్పులు కింద నడుచుకుంటూ పోతున్నాయి. మన బస్సు పైన, పులి కింద. రాత్రి పూట పోతే రోడ్డు పక్క గోడలు తప్ప ఏమీ కనిపించవు. పగటి పూట పోయేలా వేళలు సర్దుకోవడం కష్టమేమీ కాదు. అడవి దాటితే సివనీ. కిప్లింగ్ 1894లో రాసిన మోగ్లీ కథల అడవి ఇదే. మనుమలకు టీవీలో చూపించే మోగ్లీ.

లఖ్‌నాదోన్ దగ్గర దారి చీలుతుంది. 44వ నంబర్ ఎడమకు తిరిగి ఝాన్సీ వైపు పోతుంది. పాత ఏడో నంబర్ నేరుగా జబల్‌పూర్‌కు, నర్మదకు. కాశి బస్సు పాత దారి పట్టుకుంటుంది. జబల్‌పూర్ దాటాక కట్నీ పోయే తోవలో స్లీమనాబాద్ అనే ఊరు వస్తుంది. దారి దోపిడీ ఠగ్గుల వేట నడిపిన స్లీమన్ పేరు మీద వెలిసిన ఊరు. యాత్రికుల్లో యాత్రికుల్లా కలిసి, రోజుల తరబడి నమ్మకంగా నడిచి, ఒంటరి చోటు చూసి గొంతుకు రుమాలు బిగించేవారని వాళ్ళ గురించి చెప్పుకునేవారు. వీరాస్వామయ్య ఈ దారిన పోయింది సరిగ్గా ఆ రోజుల్లోనే. వంద మందితో ఎందుకు బయలుదేరారో ఇక్కడికి వస్తే అర్థమవుతుంది. నలభై ఏడు సీట్ల బస్సులో తాళం వేసిన డిక్కీలో సామాను పెట్టుకొని గురకపెడుతూ పోవడం ఎంత భాగ్యమో కూడా.

మైహర్ శారదమ్మ గుట్ట. రీవా. 1951లో అక్కడి రాజు పట్టుకున్న మోహన్ అనే తెల్లపులి సంతతే జూలలోని తెల్లపులుల్లో చాలా భాగం. హనుమనా దాటాక ఘాట్ దిగితే కొండలు వెనకబడతాయి. నేల చదునవుతుంది. గంగా మైదానం.

మీర్జాపూర్ దగ్గర బస్సు ఆపించాలని నా పట్టుదల. వింధ్యవాసిని దర్శనానికి ఎలాగూ ఆపుతారు, ఇంకో గంట. దేశం గడియారాలన్నీ ఈ ఊరి పక్క నుంచి పోయే 82 డిగ్రీల 30 నిమిషాల రేఖాంశాన్ని పట్టుకొని నడుస్తాయి. అదొక ముచ్చట. నాకు అంతకన్నా ముఖ్యమైనది తివాచీ. మీర్జాపూర్, భదోహి పల్లెల్లో చేత్తో ముడులు వేసి తివాచీలు నేస్తారు. పడుగు నిలువుగా నిలబడి ఉంటుంది. దారాల మీద ఒక్కొక్క ముడి వేసుకుంటూ పోవడం, పంజా అనే ఇనుప దువ్వెనతో దిగ్గొట్టడం. సిరిసిల్ల నుంచి వచ్చిన పెద్దమనిషిని ఆ మగ్గం ముందు నిలబెట్టండి. భాష రాకపోయినా పది నిమిషాల్లో చేతులు మాట్లాడుకుంటాయి. పడుగు, పేక, గజం, కూలి. కూలి దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ తల అడ్డంగా ఊపుతారు. కాశిలో మదన్‌పురా సందుల్లో పట్టుచీరలు నేసే ఇళ్ళలోనూ అదే కథ. చేతిమగ్గం పక్కనే కరెంటు మగ్గం చేరింది. ఆ చప్పుడు వింటే సిరిసిల్ల మనిషికి ఇల్లు గుర్తొస్తుంది. విశ్వనాథుడి గుడికి నడిచిపోయే దూరంలోనే ఈ సందులు. మన బస్సులు వందల సార్లు వచ్చాయి, నేతగాళ్ళ ఊరి నుంచి నేతగాళ్ళ ఊరికి. ఒక్కసారి కూడా ఇద్దరినీ కలపలేదు.

కాశి గురించి నేను కొత్తగా చెప్పేది లేదు. మానససరోవర్ ఘాట్ దగ్గరి ఆంధ్రాశ్రమం, తెలుగు మాట్లాడే పడవవాళ్ళు, వదిలేయాల్సిన కాయ ఏది, పండు ఏది అని చర్చలు. అక్కడ చెప్పేవాళ్ళకు కొదవ లేదు. దారిలోనే లేరు.

గైడ్ అంటే చొక్కాకు బ్యాడ్జీ పెట్టుకొని మైకు పట్టుకున్న మనిషే కానక్కర్లేదు. నేను అడుగుతున్నది చిన్నది. బస్సు తీసేటాయన బయలుదేరే ముందు ఒక చార్టు కాగితం కొనాలి. డిగ్రీ చదివే పిల్లలు ఇంటింటికీ ఉన్నారు, ఎవరితోనైనా లావు అక్షరాలతో వరసగా ఊళ్ళ పేర్లు రాయించాలి. కామారెడ్డి, ఆర్మూర్, సోన్, నిర్మల్, పెన్‌గంగ, హింగన్‌ఘాట్, నాగ్‌పూర్, పెంచ్, సివనీ, లఖ్‌నాదోన్, జబల్‌పూర్, స్లీమనాబాద్, మైహర్, రీవా, మీర్జాపూర్, కాశి. ఒక్కో పేరు పక్కన ఒక్క ముచ్చట. ఆ కాగితం డ్రైవర్ వెనక అద్దానికి అంటించాలి. ఊరొచ్చినప్పుడు వెనక సీట్లోని పడుచువాడు లేచి గట్టిగా చదవాలి. పెంచ్, హింగన్‌ఘాట్ పగటి వెలుగులో వచ్చేలా బయలుదేరే గంట మార్చుకోవాలి. వంటకు ఎలాగూ ఆగుతాం కదా, ఆ ఆగేదేదో ఈ ఊళ్ళ దగ్గరే ఆగాలి. దీనికి సీటుకు రూపాయి కూడా పెంచనక్కర్లేదు.

ఆ తెల్లవారి హింగన్‌ఘాట్ దాటిపోయాక, ఎండ వచ్చాక, నేను అవ్వకు లాంబ్టన్ కథ చెప్పాను. మొత్తం విని, ఒక మాటే అడిగింది.

"ఆయన పెండ్లాం పిల్లలు వచ్చిండ్రా, మట్టికి?"

నాకు తెలియదన్నాను. చాలాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. తర్వాత సంచిలోంచి ఒక సకినం తీసి నా చేతిలో పెట్టింది. వచ్చేటప్పుడు ఆ ఊరు పగటిపూట వస్తే లేపమని చెప్పింది.

రాలేదు. తిరుగు ప్రయాణంలో కూడా అక్కడికి రాత్రే చేరాం. అయినా లేపాను. బస్సు ఆగలేదు. వీధి దీపాలు, మూసిన పత్తి మిల్లు గేట్లు వెనక్కి పోతుంటే ఆమె గంగ చెంబును ఒళ్ళో పట్టుకొని, ఇంకో చేత్తో చీకటికి ఒకసారి దండం పెట్టింది. పక్క సీటు ఆవిడ నిద్రలో కదిలి అడిగింది, ఏ ఊరొచ్చిందని.

"హింగనఘాటు," అంది అవ్వ.